జేబులో కత్తి కథ: దూరం నడిచేవాడికి ఎన్ని పనిముట్లు కావాలి?



శివరాత్రి దగ్గర పడేకొద్దీ మన వాడరేవు, చీరాల చుట్టుపక్కల ఊళ్ళ కుర్రాళ్ళు కోటప్పకొండకో శ్రీశైలానికో నడిచిపోదామని మాట్లాడుకుంటారు. ఇప్పుడు నడక మాటతోపాటు సామాన్ల మాట కూడా వస్తోంది. ఫోన్లో చూసి, ఒకే మడత కత్తిలో పదిహేను పనిముట్లు, పద్దెనిమిది పనిముట్లు అంటే ఆర్డరు పెట్టేస్తున్నారు. "బాబాయ్, ఇందులో ఏది తీసుకోమంటావు?" అని అడుగుతున్నారు కూడా.

ఒక పేరు చెప్పి ఊరుకుంటే ఒక్క ముక్కలో అయిపోయేది. కానీ ఆ కత్తిలో మడిచిపెట్టిన ఒక్కో ముక్క వెనక ఒక్కో కథ ఉంది. ఎవరో ఎక్కడో ఒక ఇబ్బంది పడితే ఆ ముక్క పుట్టింది. ఆ ఇబ్బంది మనకి ఉంటే అది పనిముట్టు, లేకపోతే జేబులో బరువు. ఎవరి ఇబ్బందికి ఏది పుట్టిందో తెలిస్తే మనకేది కావాలో మనమే తేల్చుకోవచ్చు. అందుకే కాస్త ఓపిగ్గా చదవండి.

మన మొలతాడుకి ఉన్నదేంటి?

ఒకే చోట నాలుగు పనిముట్లు అనేది బయట దేశం నుంచి వచ్చిన ఆలోచన అనుకుంటే పొరపాటే. పెద్ద వయసు వాళ్ళు ఉన్న ఇళ్ళల్లో అడిగి చూడండి. ఒక చిన్న ఇత్తడి రింగుకి మూడు నాలుగు పుల్లలు గుచ్చి ఉండేవి. ఒకటి ముల్లు పట్టి లాగే శ్రావణం, ఇప్పటి పిల్లల భాషలో ప్లక్కర్. ఒకటి ముల్లు చుట్టూ చర్మం కదిలించే సన్న మొన. ఒకటి చెవిలో గుబిలి తీసే చిన్న గరిటె. తిరనాళ్ళలో కొనుక్కుని మొలతాడుకో తాళాల గుత్తికో కట్టుకునేవాళ్ళు. చెప్పుల్లేకుండా తుమ్మముళ్ళ మధ్య పశువుల వెంట తిరిగిన మనిషికి అన్నిటికన్నా ముందు కావాల్సింది కత్తి కాదు, ముల్లు తీసేది. ఆ సంగతి మన పెద్దలకి బాగా తెలుసు.

వక్కాకు సంచి కూడా అట్టాంటిదే. అందులో అడకత్తెర, సున్నపుకాయ ఉండేవి. బండి తోలేవాళ్ళ దగ్గర, గొర్రెల కాపర్ల దగ్గర చెకుముకి సరంజామా ఉండేది. ఉక్కు ముక్క, పలుగు రాయి, నిప్పురవ్వ అందుకోవడానికి దూది. అగ్గిపెట్టె రాకముందు దారిలో నిప్పు అంటే అదే.

ఇక తాటాకు మీద రాసేవాళ్ళ సంగతి. గంటం ఒక్కటే ఉంటే సరిపోదు, ఆకు అంచులు సమంగా కోయడానికి కత్తి కూడా కావాలి. అందుకని దక్షిణ దేశంలో గంటం, కత్తి ఒకే పిడిలోకి మడుచుకునేట్టు చేసినవి ఉన్నాయి. మ్యూజియాల్లో ఇప్పటికీ చూడొచ్చు. రాసేవాడికి ఆ రెండూ ఎప్పుడూ కలిసే కావాలి కాబట్టి రెండిటినీ ఒక పిడిలో పెట్టారు. మూడోది కలపలేదు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

ఉక్కు విషయంలో కూడా మనం ఎవరికీ తీసిపోయిన వాళ్ళం కాదు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి ఉక్కు చేసేవాళ్ళు. దాన్ని కొనడానికి పర్షియా వ్యాపారులు అంత దూరం నుంచి వచ్చేవాళ్ళు. డమాస్కస్ కత్తులని ప్రపంచమంతా చెప్పుకునేవాటికి ఇట్టాంటి దక్షిణ దేశపు ఉక్కే వెళ్ళింది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఊట్జ్ అన్నారు. ఆ మాట మన "ఉక్కు" నుంచే వచ్చిందని చాలామంది పండితులు చెబుతారు.

డెబ్భై అయిదు బ్లేడ్ల కత్తి

మడత పనిముట్టు ఎంత పాతదంటే, ఇంగ్లండులో కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో రోమన్ల కాలంది ఒకటి ఉంది. క్రీస్తుశకం 3వ శతాబ్దం నాటిది. వెండి పిడిలో కత్తి, చెంచా, ముళ్ళ చెంచా, ఒక మొన, ఇంకా రెండు చిన్న పుల్లలు మడుచుకుని ఉంటాయి. ప్రయాణంలో భోజనం చేసే డబ్బున్న మనిషి సరంజామా అని చూడగానే తెలుస్తుంది. అంటే దాన్ని చేసినవాడు ఒక్క ఇబ్బందినే చూశాడు, దారిలో తిండి.

ఆ తర్వాత జేబు కత్తికి పేరు మోసిన ఊరు ఇంగ్లండులోని షెఫీల్డ్. గుర్రం మీద తిరిగేవాళ్ళ కోసం అక్కడ చేసిన కత్తుల్లో డెక్కలో ఇరుక్కున్న రాయి తీసే కొక్కెం ఉండేది. నాడాలు కొట్టిన ఎద్దుల్ని తోలినవాళ్ళకి ఆ కొక్కెం విలువ విడమరిచి చెప్పక్కర్లేదు. డెక్కలో రాయి ఉంటే బండి ఆగినట్టే. గుర్రాలు పోయి మోటార్లు వచ్చినా చాలాకాలం ఆ కొక్కెం కత్తుల్లో ఉండిపోయింది. అవసరం పోయినా అలవాటు పోలేదు.

అదే షెఫీల్డ్‌లో జోసెఫ్ రోడ్జర్స్ కంపెనీ 1851లో లండన్ మహా ప్రదర్శన కోసం నార్ఫోక్ కత్తి అని ఒకటి చేసింది. దానికి 75 బ్లేడ్లు, పనిముట్లు. జనం వింతగా చూశారు. దాన్ని జేబులో పెట్టుకుని నడిచినవాడు మాత్రం ఎవడూ లేడు, ఎందుకంటే అది జేబులో పట్టదు. మన కాలంలో 2006లో స్విట్జర్లాండు వెంగర్ కంపెనీ 87 పనిముట్లతో కిలోకి పైన బరువుండే కత్తి చేసింది. అదీ చూడ్డానికే. లెక్క పెంచుకుంటూ పోతే కత్తి కాస్తా తిరనాళ్ళ ప్రభ అవుతుంది. ప్రభని చూసి దండం పెట్టుకుంటాం గానీ దాంతో పొలం దున్నం గదా.

తుపాకీ విప్పడానికి పుట్టిన కత్తి

ఇప్పుడు అందరికీ తెలిసిన ఎర్ర పిడి స్విస్ కత్తి దగ్గరికి వద్దాం. 1889లో స్విట్జర్లాండు సైన్యం కొత్త రైఫిల్ తెచ్చుకుంది. దాన్ని విప్పి శుభ్రం చేయాలంటే స్క్రూడ్రైవర్ కావాలి. సైనికుడి తిండి డబ్బాల్లో వస్తోంది కాబట్టి డబ్బా కోసేది కావాలి. రొట్టె కోయడానికి బ్లేడు కావాలి. తోలు పట్టీలకి బెజ్జం వేయడానికి, చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర ఉండే ఆరె లాంటిది కావాలి. నాలుగు ఇబ్బందులకి నాలుగే పనిముట్లు, నల్లటి చెక్క పిడి. 1891లో మొదటి కత్తులు సైనికుల చేతికి వచ్చాయి. తమాషా ఏంటంటే, అన్ని కత్తులు చేసే శక్తి అప్పుడు స్విట్జర్లాండులో లేదు. మొదటి విడత జర్మనీలోని సోలింగెన్ నుంచి తెప్పించుకున్నారు.

మన సైన్యం కత్తి పరాయి దేశంలో చేయించడం ఏంటని పట్టుబట్టినవాడు కార్ల్ ఎల్సెనర్. 1884లో ఇబాఖ్ అనే పల్లెలో చిన్న కొలిమి పెట్టుకున్న మనిషి. తోటి కత్తుల పనివాళ్ళని కూడగట్టి 1891లోనే సైన్యానికి కత్తులు ఇవ్వడం మొదలుపెట్టాడు. కానీ సోలింగెన్ వాళ్ళు యంత్రాలతో చవకగా చేస్తున్నారు. ధర దగ్గర నిలబడలేక తోటివాళ్ళు ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఎల్సెనర్ అప్పుల్లో కూరుకుపోయాడు. పంట చేతికొచ్చే ముందు ధర పడిపోతే ఎట్టా ఉంటుందో మనకి వేరే చెప్పాలా!

అతను నిలదొక్కుకున్నది ఒక కిటుకుతో. ఒకే స్ప్రింగు మీద అటొకటి ఇటొకటి పనిముట్లు నిలబడేట్టు చేశాడు. దాంతో బరువు పెరగకుండా రెండో చిన్న బ్లేడు, సీసా బిరడా లాగే మరసూది కూడా చేర్చగలిగాడు. 1897 జూన్ 12న దాన్ని ఆఫీసర్ల కత్తిగా రిజిస్టరు చేయించాడు. 1909లో తల్లి విక్టోరియా చనిపోతే కంపెనీకి ఆమె పేరు పెట్టాడు. 1921 నాటికి తుప్పు పట్టని ఉక్కు వాడకంలోకి వచ్చింది. ఆ ఉక్కుకి ఫ్రెంచిలో ఇనాక్స్ అని పేరు. రెండూ కలిసి విక్టోరినాక్స్ అయింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా సైనికులు దాని జర్మన్ పేరు నోరు తిరగక స్విస్ ఆర్మీ నైఫ్ అన్నారు. ఆ పేరే నిలిచింది.

ఇందులో మనకి పనికొచ్చే సంగతి చెప్తా. స్క్రూడ్రైవర్ తుపాకీ కోసం. మరసూది ద్రాక్షసారా సీసా కోసం. శ్రీశైలం నడిచేవాడి దగ్గర ఈ రెండూ లేవు, ఉండకూడదు కూడా. ఆరె మాత్రం మనకి పనికొస్తుంది. కొన్ని కత్తుల్లో దానికి దారం ఎక్కించే బెజ్జం కూడా ఉంటుంది. మిరపకాయ టిక్కీలు కుట్టిన చేతులకి అది చూడగానే తెలుస్తుంది, అది పొట్టి దబ్బనం! తెగిన చెప్పు పట్టీ, ఊడిన సంచి బెల్టు దారిలో కుట్టుకోవచ్చు.

రైతు కత్తి

స్విస్ కత్తి పుట్టిన రోజుల్లోనే పక్కన ఫ్రాన్సులో సావోయ్ అనే కొండ ప్రాంతంలో ఇంకో కత్తి పుట్టింది. గొడ్డళ్ళు, కొడవళ్ళు చేసే కమ్మరి ఇంట్లో జోసెఫ్ ఒపినెల్ అనే కుర్రాడు 1890 ప్రాంతంలో ఒక మడత కత్తి చేశాడు. చెక్క పిడి, ఒకే బ్లేడు, అంతే. 1897లో చిన్నదాని నుంచి పెద్దదాని దాకా 12 సైజులు పెట్టాడు. మన అరకకి పట్టీ సైజులు ఉన్నట్టు. కోసేటప్పుడు బ్లేడు వేళ్ళ మీదకి మూసుకుపోకుండా 1955లో తిప్పి బిగించే రింగు చేర్చారు. అంతకుమించి పెద్ద మార్పు లేదు. అక్కడి రైతులు, పశువుల కాపర్లు రొట్టె, జున్ను కోసుకోవడానికి, ద్రాక్ష తీగ కత్తిరించడానికి, పుల్ల చెక్కడానికి అదే వాడారు. వాళ్ళ ఇబ్బంది ఒకటే, మంచి పదును. అందుకే పనిముట్టూ ఒకటే. ఈ రోజుకీ దాన్ని ప్రపంచమంతా కొంటోంది.

పాత కారుకి పుట్టిన కత్తి

మూడోది అమెరికా వాళ్ళది. టిమ్ లెదర్‌మన్ అనే ఆయన 1975లో భార్యతో కలిసి ఒక పాత ఫియట్ కారులో యూరప్ తిరిగాడు. ఆ కారు మాటిమాటికీ మొరాయించేది. దిగిన చవక హోటళ్ళలో కుళాయిలు కారేవి. జేబులో కత్తి ఉంది గానీ కటింగ్ ప్లేరు లేదు. ప్లేరు ఉన్న కత్తి చేస్తానని ఇంటికొచ్చి పనిలో పడ్డాడు. కొనే కంపెనీ దొరకడానికి ఏళ్ళు పట్టింది. 1983లో గానీ మొదటిది అమ్ముడుపోలేదు. ఇప్పుడు మల్టీటూల్ అంటే అందరికీ అదే గుర్తొస్తుంది.

మోటారు దగ్గర, స్టార్టర్ డబ్బా దగ్గర, ట్రాక్టరు మీద అది బ్రహ్మాండమైన వస్తువు. నేను కాదనను. కానీ పుట్టిందే కారు కోసం. అందులో బాగా అమ్ముడయ్యే ఒక పెద్ద రకం 241 గ్రాములు ఉంటుంది. అదే స్విస్ వాళ్ళ అన్నిటికన్నా చిన్న రకాల్లో ఒకటి సుమారు 21 గ్రాములే. అందులో చిన్న బ్లేడు, కత్తెర, గోరు ఆకురాయి, శ్రావణం, పలుపుల్ల ఉంటాయి. కాలినడకన పోయేవాడికి విప్పాల్సిన నట్టు ఎక్కడుంది? ఆ తేడా బరువుకి పావులీటరు మంచినీళ్ళు మోసుకుంటే మేలు.

అరవై ఏడేళ్ళ రైతు ఇల్లాలు

బరువు గురించి మాట వచ్చింది కాబట్టి ఒక ముసలమ్మ గురించి చెప్పాలి. ఎమ్మా గేట్‌వుడ్ అని అమెరికాలో ఒహాయో రాష్ట్రం పల్లెటూరి మనిషి. పదకొండు మంది పిల్లల్ని కన్నది, వ్యవసాయం చేసింది, కష్టాల సంసారం ఈదింది. 1955లో, 67 ఏళ్ళ వయసులో, అపలాచియన్ అనే కొండదారి మొదలు నుంచి చివర దాకా ఒంటరిగా నడిచింది. మూడు వేల కిలోమీటర్లకి పైనే. కాళ్ళకి మామూలు గుడ్డ బూట్లు. భుజాన తనే కుట్టుకున్న డెనిమ్ గుడ్డ సంచి, అంటే మన పత్తి గుడ్డే. వాన కాచుకోవడానికి స్నానాలగది ప్లాస్టిక్ పరదా. వేరుశనక్కాయలు, ఎండుద్రాక్ష, గాయాల మందు, ఒక టార్చిలైటు, ఒక స్విస్ కత్తి. గుడారం లేదు, ఖరీదైన సామాను లేదు. ఆ దారిని ఒక్క విడతలో ఒంటరిగా పూర్తి చేసిన మొదటి ఆడమనిషి ఆమే.

ఆమె సంచిలో ఏం ఉన్నాయన్నదే కాదు, ఏం లేవన్నది చూడండి. మోయాల్సింది తన భుజమే గనక ప్రతి వస్తువునీ నువ్వెందుకు అని అడిగి ఉంటుంది.

మన దారి, మన ఇబ్బందులు

ఇప్పుడు మన దారికి వద్దాం. శ్రీశైలం నడక మనకి కొత్త కాదు. అద్దంకిలో రాజ్యం పెట్టిన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడు. మన ప్రకాశం నేల మీద రాజ్యం చేసినవాడు నడిచేవాళ్ళ కాళ్ళ గురించి ఆలోచించాడంటే, అప్పటికే ఎంతమంది నడిచేవాళ్ళో!

1830 మే 18న చెన్నపట్నం సుప్రీంకోర్టు దుబాసీ ఏనుగుల వీరాస్వామయ్య కాశీకి బయల్దేరి, కడప, శ్రీశైలం, హైదరాబాదు మీదుగా వెళ్ళి, తిరుగుదారిలో కలకత్తా, పూరీ చూసుకుని మన కోస్తా వెంబడి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర చదివితే ఒక సంగతి కనపడుతుంది. ఏ మజిలీలో అంగళ్ళు ఉన్నాయి, ఏం దొరుకుతాయి, నీళ్ళు ఎట్టా ఉన్నాయి, అన్నీ రాసుకుంటూ పోయాడు. ఆయనకి పల్లకీ, వెంట పరివారం ఉన్నాయి. అయినా ఏది మోయాలి, ఏది దారిలో దొరుకుతుంది అనే లెక్క తప్పలేదు. పరివారం లేని మనకి ఆ లెక్క ఇంకా ముఖ్యం.

మరి దోర్నాల దారిన గానీ, ఆత్మకూరు వైపు వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను దారిన గానీ నడిచేవాడికి వచ్చే ఇబ్బందులు ఏంటి? కాల్లో ముల్లు. మడమల మీద బొబ్బలు, వాటికి వేసే దూది, పట్టీ కత్తిరించుకోవడం. చెప్పు తెగడం. ఉల్లిపాయో పండో కోసుకోవడం. తాడు తెంపడం. గోరు చీలడం. ఇంతకుమించి పెద్దగా ఏమీ ఉండదు. దారిలో అన్నదానాలు ఉంటాయి కాబట్టి డబ్బా కోయాల్సిన పని కూడా తక్కువే.

ఈ ఇబ్బందుల పక్కన పనిముట్లు రాసుకుంటే, ఒక చిన్న బ్లేడు, ఒక కత్తెర, ఒక శ్రావణం, ఒక ఆరె. నాలుగు. మన పెద్దల మొలతాడు రింగులో సగం ముందే ఉన్నాయి.

చెట్లు కొట్టే పెద్ద కత్తులు, రంపాలు అసలు వద్దు. నల్లమలలో ఆ ప్రాంతం 1983 నుంచి ప్రాజెక్ట్ టైగర్ కింద పులుల అడవి. అక్కడ కొమ్మ కొట్టడం, నిప్పు పెట్టడం నేరం. సంచిలో పెద్ద కత్తి కనపడితే అటవీశాఖ వాళ్ళు అడిగే ప్రశ్నలకి సమాధానం చెప్పుకోవాలి.

పాము కాటుకి కత్తి వద్దు

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఎందుకు కత్తి అంటే "దారిలో పాము కరిస్తే కోసి రక్తం తీయొచ్చు" అని చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. పొలాల్లో కూడా ఈ నమ్మకం ఉంది. దీనికీ ఒక కత్తి చరిత్ర ఉంది.

1904 ప్రాంతంలో ఇంగ్లీషు డాక్టరు లాడర్ బ్రంటన్ ఒక చిన్న జేబు కత్తి తయారుచేయించాడు. చెక్క గొట్టంలో ఒక వైపు చిన్న బ్లేడు, ఇంకో వైపు పొటాషియం పర్మాంగనేట్ పలుకులు. కాటు వేసిన చోట కోసి ఆ మందు రుద్దమన్నారు. మన దేశంలో చాలా పంచారు. తర్వాత పరీక్షలు చేసి చూస్తే దానివల్ల ప్రాణం దక్కదని తేలింది. ఆ కత్తులు పోయాయి, కోయాలనే మాట మాత్రం జనంలో ఉండిపోయింది. డెక్కలో రాయి తీసే కొక్కెం లాగా అవసరం లేకున్నా మిగిలిపోయిన అలవాటు ఇది. కొక్కెం ఉంటే నష్టం లేదు. ఈ అలవాటు మాత్రం మనిషిని చంపుతుంది.

ఎందుకంటే, రక్తపింజర కరిస్తే రక్తం గడ్డకట్టే గుణం పోతుంది. అప్పుడు కోస్తే ఆ రక్తం ఆగదు. కోయడం వల్ల విషం బయటికి రాదు, పుండు పడుతుంది, టైము పోతుంది. కట్టు బిగించి కట్టినా ఆ కాలికే చేటు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ పనిచేసే విరుగుడు సూది మందు మన దేశంలోనే తయారవుతోంది. కరిచిన కాలో చెయ్యో కదపకుండా కర్ర ఆసరా పెట్టి, ఉంగరం, కడియం, కాలిపట్టీ తీసేసి, మనిషిని నడిపించకుండా ఎత్తుకుని, 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చడం ఒక్కటే దారి. ఆ సమయంలో జేబులో కత్తి జేబులోనే ఉండాలి. నడకకి పోయే పిల్లలకే కాదు, రాత్రిపూట నీళ్ళు పెట్టడానికి పొలం పోయే మనందరికీ ఈ మాట వర్తిస్తుంది. ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

కొనేటప్పుడు చూడాల్సినవి

ముందు రైతు లెక్క ఒకటి వేద్దాం. మూడు వందలకి పదిహేను పనిముట్ల కత్తి అంటే ఒక్కో పనిముట్టుకి ఇరవై రూపాయలు. అందులోనే డబ్బా, కొట్టువాడి లాభం. ఇక ఉక్కుకి మిగిలేదెంత? అదే డబ్బుకి నాలుగు పనిముట్లది అడిగితే కాస్త మంచి ఇనుము దొరికే అవకాశం ఉంటుంది.

బ్లేడు రెండు మూడు అంగుళాలు చాలు. తెరిచి అటూ ఇటూ ఊపి చూడండి. వదులుగా కదిలితే వద్దు. మూసి వెలుతురుకి ఎదురు పెట్టి చూడండి. పొరల మధ్య సందులుంటే ఇసక చేరి పట్టేస్తుంది.

తడి చేత్తో తెరవండి. నడిచేటప్పుడు చెమట ఉంటుంది, గోరు జారితే కోసుకునేది మనల్నే.

కత్తెరతో పాత పంచె ముక్క, తడిపింది, కత్తిరించి చూడండి. నమలకుండా తెగాలి. శ్రావణంతో ఒక వెంట్రుక పట్టి లాగండి. వెంట్రుక పట్టలేనిది ముల్లు ఏం పడుతుంది?

పుల్ల చెక్కే అలవాటు ఉన్నవాళ్ళు బ్లేడు బిగిసే లాకు ఉన్నది తీసుకోండి. లాకు లేనిదైతే బ్లేడు వెనక్కి ఒత్తిడి పడే పని చేయొద్దు, పొడిచే పని అసలు వద్దు.

ఉక్కు సంగతి. ఒపినెల్‌లో గానీ మన కొలిమి కత్తిలో గానీ మామూలు ఉక్కు అయితే పదును త్వరగా ఎక్కుతుంది, కానీ తుప్పు పడుతుంది. ఉప్పుగాలికి ఇనుము ఏమవుతుందో వాడరేవు ఒడ్డున వలలు బాగుచేసుకునే వాళ్ళని అడగండి, చెబుతారు. సముద్రం పక్కన ఉండే మనం తుప్పు పట్టని ఉక్కు తీసుకోవడమే మేలు. మామూలు ఉక్కుదైతే నిమ్మకాయ, మామిడికాయ కోయగానే కడిగి తుడిచి, ఒక చుక్క కొబ్బరినూనె రాయండి.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 1959 ఆయుధాల చట్టం కింద పెట్టిన నిబంధనల్లో 9 అంగుళాల కన్నా పొడవు, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడు ఉన్న కత్తుల్ని ఆయుధాల లెక్కలో వేశారు. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటిని మినహాయించారు. మన చిన్న కత్తి ఆ లెక్కలోకి రాదు. అయినా తిరుమల నడిచేవాళ్ళు అలిపిరి తనిఖీ గుర్తుపెట్టుకోండి. విమానంలో చేతిసంచిలో ఎంత చిన్నదైనా రానివ్వరు. గుడి లోపలికి, తొక్కిసలాట ఉండే చోటుకి కత్తి వద్దే వద్దు.

కొలిమి సంగతి

చివరగా ఇంకో మాట. నేను చెప్పిన చరిత్రలో మిగిలిన కత్తులన్నీ ఒక పనివాడు, ఒక వాడుకరి మాట్లాడుకుంటే పుట్టినవే. ఒపినెల్ కమ్మరి ఇంటి బిడ్డ. ఎల్సెనర్ పల్లెలో కొలిమి పెట్టినవాడు. మనకీ ఆ ఏర్పాటు ఉండేది. కొడవలి వంపు తగ్గించమంటే తగ్గించేవాళ్ళు, ఎడమచేతి వాటం వాళ్ళకి వేరేగా కాకర్లు పెట్టేవాళ్ళు. లారీ కమాను పట్టీ ముక్క ఇస్తే పదేళ్ళు నిలిచే చాకు చేసి ఇచ్చేవాళ్ళు. మన ఇబ్బంది చెబితే దానికి తగ్గ ఇనుము దొరికేది. ఇప్పుడు చాలా ఊళ్ళల్లో కొలిమి ఆరిపోయింది. అందుకే ఎక్కడో కారు చెడిపోయినవాడి పనిముట్టు కొనుక్కుని మనదేమో అనుకుంటున్నాం.

మడత కత్తిలో స్ప్రింగు, కత్తెర మన కొలిమిలో కుదరవు, అవి ఫ్యాక్టరీ పనులే. కానీ తోలు ఒరతో ఒక మూడంగుళాల చాకు, ఒక శ్రావణం, ఒక ఆరె చేయగలిగిన కమ్మరి మీ దగ్గర్లో ఇంకా ఉంటే, ఆయనకే చెప్పి చేయించుకోండి. కొనే కత్తిలో సగం ఖర్చు కాదు. పదును పోతే మళ్ళీ ఆయన దగ్గరికే పోవచ్చు. మీతోపాటు ఇంకో నలుగురు చేయిస్తే ఆ కొలిమిలో బొగ్గు కూడా ఇంకొంత కాలం మండుతుంది.

శివరాత్రికి నడిచే పిల్లలందరూ క్షేమంగా వెళ్ళి రావాలి. కత్తి కొన్నా కొనకపోయినా, ముల్లు తీసే శ్రావణం ఒకటి, మంచినీళ్ళ సీసా ఒకటి మర్చిపోకండి.